కాయని పూత

వాషింగ్టన్‌లో చెర్రీ పూల పండుగ చూడ్డానికి వెళ్లి, టైడల్ బేసిన్ గట్టు మీద ఒక పూల రెమ్మను విరిచాను. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నూజివీడు మామిడి తోటల్లో పుట్టి పెరిగినదాన్ని. పూత మీద చెయ్యి వేయకూడదని ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నదాన్ని. తెలియని మనిషి చేసిన పనైతే ఇంత బాధ ఉండేది కాదు.

అది 2025 వసంతం. వర్జీనియాలో అమ్మాయి దగ్గర ఉన్నాను. యోషినో రకం చెర్రీ చెట్లలో డెబ్బై శాతం పూలు విచ్చుకున్న రోజును అక్కడ నిండు పూత రోజు అంటారు. ఆ ఏడు అది మార్చి 28న వచ్చింది. ఆ వారాంతంలోనే మన ఉగాది. స్మిత్సోనియన్ స్టేషన్‌లో మెట్రో దిగి జనంతో పాటు నడిచాం. నీటి చుట్టూ ఎటు చూసినా పూతే, పచ్చని ఆకు జాడే లేదు. నల్లటి బెరడు మీద అడ్డంగా గీతలు. కొన్ని ముసలి చెట్లకు మాను తొర్ర పడిపోయింది, అయినా ఆ మాను మీదే గుత్తులు పూశాయి. కళ్లకు దగ్గరగా పట్టుకుంటే పువ్వుకు ఐదు రేకులు, ప్రతి రేకు కొసన చిన్న నొక్కు. మొగ్గలో గులాబీ, విచ్చాక దాదాపు తెలుపు. వాసన మాత్రం ఉందా లేదా అన్నంత.

పండక్కి దేవుడి ముందు పెడదామనిపించింది. పొద్దున్నే పూలు కోసుకునే అలవాటు చేతికి ఉంది నిజమే, కానీ అలవాటు మీదకు నెట్టేస్తే న్యాయం కాదు. నేను ఆలోచించే విరిచాను. ఈ చెట్లు తినే పండు కాయవని అంతకు కాసేపటి ముందే అమ్మాయి చెప్పింది. కాయని పూతే కదా, నాలుగు రోజుల్లో రాలిపోయేదే కదా, ఎవరి పంట పోయింది అనుకున్నాను. మాఘమాసంలో మా నాన్న పిల్లల్ని కర్ర పట్టుకుని చెట్ల కిందికి రానిచ్చేవారు కాదు. పూత పోతే కాపు పోతుందని ఆయన భయం. ఆ భయాన్నే నేను నేర్చుకున్నాను గానీ పూతను గౌరవించడం నేర్చుకోలేదు.

మనవరాలు చూసింది. "అమ్మమ్మా, ఎవరినైనా అడిగావా?" అంది. జవాబు చెప్పలేక రెమ్మను శాలువా మడతలో దాచాను. దాచానంటే తప్పని నాకు తెలిసినట్టే.

ఇంటికొచ్చాక అమ్మాయి గట్టిగానే మందలించింది. అక్కడ పూలు కోయడం చట్టరీత్యా నిషేధమని చెప్పి, ఆ చెట్ల చరిత్ర నా చేత చదివించింది. 1910లో జపాన్ నుంచి వచ్చిన రెండు వేల మొక్కలకు పురుగులు, తెగుళ్లు పట్టి ఉన్నాయని తగలబెట్టేశారు. టోక్యో మేయర్ యుకియో ఒజాకి అంతటితో ఆగలేదు. 1912లో 3,020 మొక్కలు మళ్లీ పంపారు. మార్చి 27న అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య వైకౌంటెస్ చిందా తొలి రెండు మొక్కలు నాటారు. ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి. 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బర్ దాడి తర్వాత, ఎవరో నాలుగు చెట్లను నరికేశారు. నన్ను కదిలించింది మాత్రం ఆ తర్వాతి సంగతి. యుద్ధకాలంలో టోక్యోలోని అరకావా నది గట్టున తల్లి చెట్లు క్షీణించిపోతే, 1952లో వాషింగ్టన్ చెట్ల నుంచే అంటు కట్టడానికి రెమ్మలు కోసి జపాన్‌కు పంపారట. యోషినో కూడా మన బంగినపల్లి లాంటిదే, ఆ రకం నిలవాలంటే అంటు కట్టాల్సిందే. అంటుపుల్ల విలువ మా తోటల్లో ఎవరికి తెలియదు! ఒక తోటను బతికించగల పుల్లను నేను ఒక పూట అలంకారానికి విరిచాను.

ఉగాది పొద్దున రేకులు చాలావరకు రాలి ఇత్తడి చెంబులో నీళ్ల మీద తేలుతున్నాయి. పూలు పోయిన రెమ్మ కొసన సన్నటి ఆకుమొగ్గ ఒకటి మూసుకునే ఉంది. అది విచ్చుకుని చిగురు వేయాలి. ఆ చిగురు మీద ఎండాకాలంలో పైఏటి పూమొగ్గ కట్టాలి. నేను తీసుకున్నది ఒక్క ఏడాది పూత కాదు. విరిగిన చోట కుళ్లు కూడా లోపలికి దిగుతుంది. ఏటా పది లక్షలకు పైగా జనం వచ్చేది ఆ పూత కోసమే. అదే అక్కడి కాపు. కాయని పూత అన్న నా మాటే తప్పు.

ఈ వసంతంలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మలకూ, అత్తయ్యలకూ ఒక్క మాట. టైడల్ బేసిన్‌కు తప్పకుండా వెళ్లండి, తనివితీరా చూడండి. ఫోటో కోసం కొమ్మ వంచకండి, రేకులు రాలాలని ఊపకండి. పూజకు పూలు కావాలంటే దుకాణంలో కొనుక్కోండి.