ఆరు దోషాల్లో నావెన్ని?

బద్వేలు వైపు ఒక పల్లెలో, రిటైరైన అయ్యవారి ఇంటి వెనక దొడ్లో ఉంటాను. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు. నిండితే ఆరు వేల లీటర్లు. చెరువు అనేరు, చెరువులు నవ్వుతాయి. కుంట అనండి చాలు.

అయినా నాకూ వంశముంది. మా జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ లెక్కతోపాటు మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అక్కడి శాసనంలో చెక్కించారు. మా అయ్యవారికి అది కంఠోపాఠం. అంగాల్లో మొదటిది ధర్మాత్ముడైన రాజు. ఆ జోలికి నేను పోను. నన్ను తవ్వించింది పింఛను డబ్బులతో.

దోషాల సంగతికొస్తే, మొదటిది కట్టలోంచి నీళ్లు ఊరడం. నాది ఎర్ర గరుసు నేల, జల్లెడతో సమానం. నంద్యాల నల్లరేగడిలో పుట్టుంటే ఈ బాధ తప్పేది, ఎండాకాలం నెర్రెల బాధ వేరే అనుకోండి. నిండిన వారానికే ఖాళీ అవుతుంటే, అనంతపురంలో పంట కుంటలకు చేసినట్టు ఆరు పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి లోపలంతా పూయించారు. ఊట నిలిచింది. చౌడు నేల, నడుమ మెరక అనే దోషాలు నాకు లేవు.

రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఇంకో దోషం. నా రాజ్యం పక్కింటి గోడ దాకానే! కార్తీకంలో తుపాను వాన పట్టింది. మిద్దె నీళ్లన్నీ గొట్టంలోంచి వచ్చి నాలో పడ్డాయి. పొంగితే పోవడానికి మరవ లేదు. గోడ కిందుగా పారి, అవతల ఆరబోసిన శనక్కాయల్ని తడిపేశాయి.

"ఏం అయ్యవారూ, మీ గుంత నీళ్లు మా ఇంట్లోకి వస్తుండాయి. ఇదేం న్యాయమప్పా?"

అయ్యవారు శాసనం ఎత్తుకోబోతే మా ఇంటి అవ్వ ఆపింది. "నువ్వు సదువు సెప్పొద్దు, మరవ తీయించు" అంది. గోడకు ఎడంగా, నిమ్మచెట్ల పాదుల్లోకి పారేట్టు మరవ తీశారు. రెండో ఏడు పక్కింటాయనే తన మిద్దె గొట్టం కూడా నా వైపు తిప్పించాడు. పంపకం ఏమిటంటే, ఆయన బర్రెకు రోజూ రెండు బిందెలు.

దాంతో మిగిలిన రెండు దోషాలూ అంటుకున్నాయి. నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్ల పైచిలుకు. మిద్దెలు రెండయ్యాక ఒక్క గట్టి వానకే నిండుతున్నా. నా ఆయకట్టేమో రెండు నిమ్మచెట్లు, కరివేపాకు, అవ్వ వంకాయ మడి. కార్తీకంలో నీళ్లెక్కువ. చైత్రం వచ్చేసరికి ఆ మడికే చాలను. ఎండలు ముదిరితే రోజుకు దాదాపు సెంటీమీటరు ఆవిరైపోతుంది, అంటే నాలుగు బిందెల పైమాట. పైన తాటాకు పందిరి వేశాక కాస్త నయం.

శాసనంలో లేని ఏడో దోషం దోమ. దానికి గంబూసియా చేపలు వదిలారు. పిల్లలు పడకుండా చుట్టూ కడప బండలు నిలువుగా పాతారు.

ఈ ఎండాకాలం మీరూ దొడ్లో కుంట తవ్వుకుంటుంటే నాదొక్క మాట. గడ్డపార దించకముందే పక్కింటివాళ్లను పిలిచి కూర్చోబెట్టి, మరవ ఏ దిక్కుకు పారాలో తేల్చుకోండి. లోతు సంగతి తర్వాత చూసుకోవచ్చు.