ఆయన షుగరు, నా ఇన్‌బాక్సు

మొన్న పొద్దున్న నాకు గ్యాస్ సిలిండర్ బుక్కయింది. నేను బుక్ చేయలేదు. నిన్న నాకు ఈడూజోడూ కుదిరే వధువులు దొరికారని, ఫొటోలు చూసుకోమని మెయిలొచ్చింది. అది మా ఆవిడ చూసింది కాబట్టి ఇక ఈ గోడు రాయక తప్పడం లేదు.

నా పేరు శ్రీనివాసరావు. 2004లో జీమెయిల్ వచ్చిన కొత్తలో, ఎవరైనా పిలిస్తే తప్ప లోపలికి రానివ్వని రోజుల్లో, తోక లేకుండా శుభ్రంగా పేరొక్కటే తీసుకున్నాను. తర్వాత వచ్చిన శ్రీనివాసరావులు పుట్టిన ఏడో, బండి నంబరో తగిలించుకున్నారు. ఫారం నింపే తొందరలో ఆ తోక మరిచిన ప్రతివాడూ వచ్చి నాలో కలుస్తున్నాడు. పేరు మధ్య చుక్క పెట్టుకున్నవాళ్లయినా తప్పుకుంటారా అంటే, జీమెయిల్ చుక్కల్ని లెక్కచేయదు.

మరి ఫారాలు ఏం చూస్తున్నట్టు? మధ్యలో ‘ఎట్’ గుర్తుందా, వెనక ఓ చుక్కుందా, అంతే. పచ్చ టిక్కు. కొన్ని రెండోసారి టైప్ చేయమంటాయి. జనం పై గడిలోది కాపీ కొట్టి కింద పేస్టు చేస్తారు. తప్పుకి జిరాక్స్ తీసినట్టు. కాస్త తెలివైనవి జీమెయిల్ స్పెల్లింగ్ తప్పితే ‘మీరనేది ఇదా?’ అని అడుగుతాయి. అదీ గుర్తుకి కుడిపక్కే. ఎడమపక్క తప్పని ఎవరనగలరు? ఆధార్‌లో ఒక్క అంకె తప్పు కొడితే చివరి అంకె పట్టిస్తుంది, ముందున్న పదకొండింటినీ లెక్కగట్టి పెట్టిన కాపలా అది. మెయిలుకి ఆ కాపలా లేదు. ఇంకో శ్రీనివాసరావు రాసిన తప్పు అడ్రసు, నాకు ఒప్పు అడ్రసు.

కుడిపక్క తప్పులైతే ఏకంగా దేశాలు దాటిస్తాయి. ‘కామ్’కి ఇంగ్లీషులో మూడక్షరాలు. సి జారితే ఒమన్‌లో పడతాం, ఓ జారితే కామెరూన్‌లో, ఎమ్ జారితే కొలంబియాలో. వీసా అక్కర్లేదు. కామెరూన్ వాళ్లు 2006లో ఈ కిటుకు కనిపెట్టి, తమ దేశపు తోకతో ఎవరూ తీసుకోని సైటు పేరు ఏది కొట్టినా ప్రకటనల పేజీకి మళ్లించారు. వేలు మనది, ఆదాయం వాళ్లది. మాలి దేశానిది ఇంకా పెద్ద యోగం. అమెరికా సైన్యం అడ్రసులు ‘మిల్’ అని ముగుస్తాయి. అందులో ఐ ఎగిరిపోతే అది మాలి. ఏళ్ల తరబడి సైన్యానికి చేరాల్సిన మెయిళ్లు అటు పోతున్నాయని 2023లో లోకానికి తెలిసింది. ఇండొనేసియా వెళ్లబోతున్న సైన్యాధిపతిగారి హోటల్ గది వివరాలతో సహా! మాలి తరఫున ఆ వ్యవహారం చూస్తున్న డచ్చాయన, మీ ఉత్తరాలు నాకొస్తున్నాయి మహాప్రభో అని అమెరికాకి పదేపదే మొరపెట్టుకున్నాడట. ఆయన బాధ నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

మందు లేక కాదు. రాసిన అడ్రసుకి ముందొక మెయిలు పంపి, అందులో లింకు నొక్కాకే ఖాతా తెరిస్తే సరి. కానీ ఆ కాస్త ఆలస్యానికే కస్టమరు జారిపోతాడని కంపెనీల భయం. మధ్యలో నేనేమైపోయినా ఫరవాలేదు.

పోయిన వేసవిలో ఒక ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. పరగడుపున షుగరు 286. వయసు నా వయసే. తిరిగి రాద్దామంటే ఆ మెయిలుకి జవాబివ్వకూడదట. ఫోన్ చేస్తే ఓ అమ్మాయి ఎత్తింది.

“శ్రీనివాసరావుగారేనా సార్?”

“అవునమ్మా, కానీ ఆయన్ని కాను.”

“మెయిల్ ఐడీ మార్చాలంటే ఓటీపీ వస్తుంది, చెప్పండి సార్.”

“నాకు రాదు తల్లీ. ఆయన ఫోన్‌కి వస్తుంది.”

“అయితే ఆయన్నే చేయమని చెప్పండి సార్.”

ఎలా చెప్పను? నా దగ్గరున్న ఆయన అడ్రసు నాదే.

మూడు నెలలకి, మళ్లీ పరీక్ష చేయించుకోండి అని గుర్తుచేస్తూ మెయిలొచ్చింది. నాకే. ఆ తర్వాత రిపోర్టయితే రాలేదు. అడ్రసు దిద్దుకున్నారేమోలే అని మనసు సర్దిచెప్పుకునేలోపే, అదే ల్యాబు దసరా ఆఫరు పంపింది: శ్రీనివాసరావుగారికి ఫుల్ బాడీ చెకప్ సగం ధరకే.