ఆకాశంలో గంట, నేలమీద ఎనిమిది నెలలు

విశాఖ ఆర్కే బీచ్‌కి వచ్చినవాళ్లు ముందు కుర్సురా జలాంతర్గామిలో దూరి, బయటికొచ్చి ఐస్‌క్రీం తిని, ఆ తర్వాతే రోడ్డు దాటి టీయూ-142 వైపు వస్తారు. ఆ విమానానికి అదే మంట. జలాంతర్గాములను వెతికి పట్టడానికే పుట్టింది మరి! “నేను వేటాడాల్సిన జాతి నాకంటే ముందు టికెట్లు కోసుకుంటోంది” అని సణుగుతుంది.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోదు. సోవియట్ సరుకు. 1988లో గోవాలో మన నౌకాదళంలో చేరిన ఎనిమిదింటిలో ఒకటి. తర్వాత మకాం అరక్కోణానికి మారింది.

దూరాల మాటెత్తితే మాత్రం ఆపడం కష్టం. దాని అన్నగారు టీయూ-95 బాంబర్లు దిగే చోట్లు, రష్యా ఉత్తరాన మంచులో తిక్సీ, అనాదిర్. “అట్లాసులో చూస్తే తిక్సీకి అనాదిర్ ఆగ్నేయాన ఉంటుంది. పైలట్ మాత్రం దాదాపు సూటిగా తూర్పుకే ముక్కు పెట్టి బయల్దేరతాడు. భూమి గుండ్రం, అట్లాసు బల్లపరుపు. దగ్గరి దారి సుమారు 2,090 కిలోమీటర్లు. గంటకు 700 చొప్పున మూడు గంటలు. వంద కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందా, మూడున్నర.” మనవైపు ఆ తిరకాసు లేదు. అరక్కోణం నుంచి విశాఖకు 640 కిలోమీటర్లు, గీత ఇంచుమించు తిన్ననే.

2017 మార్చి 29న అరక్కోణంలో వీడ్కోలు. 29 ఏళ్లు, దళం మొత్తానికి 30 వేల గంటలు, ఒక్క ప్రమాదం లేదు. ఈ లెక్క చెప్పేటప్పుడు దాని గొంతు పెరుగుతుంది. ఏప్రిల్ 8న ఆఖరిసారి ఎగిరి విశాఖలో నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగింది. గంట దారి.

అక్కడినుంచి బీచ్‌కి తిన్నగా కొలిస్తే 11 కిలోమీటర్లు. ఎగిరితే నిమిషం పని. కానీ 50 మీటర్ల రెక్కలు చాచుకుని ఏ రోడ్డు మీద పోతుంది? ఎక్కడికక్కడ విప్పేశారు. ముక్కలుముక్కలుగా మోసుకొచ్చి మళ్లీ అతికారు. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించేనాటికి ఎనిమిది నెలలు గడిచాయి. “ఎదురుగాలికైనా లెక్కుంది, దీనికే లేదు” అంటుంది.

ఇప్పుడు ఉప్పుగాలి ఒళ్లు తింటోంది. ఒక్కో ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగేవి. ఇప్పుడవి సెల్ఫీలకు వెనకతెర. “నాన్నా, ఇది దుబాయ్ ఎల్లిపోద్దా?” అని అడిగే పిల్లల మీద దానికి కోపం లేదు. ఆ ఊసే పట్టకుండా ఫోన్ చూసుకునే నాన్నల మీదే.

మరీ బెంగ పుట్టినప్పుడు ఎదురింటి సంగతి గుర్తుచేసుకుంటుంది. కుర్సురాను ఒడ్డున ఇప్పుడున్న చోటికి లాగడానికి చివరి 600 మీటర్లకే రూ.5.5 కోట్లు అయ్యాయట.