కోసేది నేను

నేను రంపపు గొలుసును. కట్టెలు కోసే మిషన్ కొనేటప్పుడు నన్ను ఎవరూ పట్టించుకోరు. ఇంజిన్ ఎన్ని సీసీలు, నేను తిరిగే బార్ ఎన్ని అంగుళాలు, ఆఖరి రేటు ఎంత? కోస్గిలో అయినా, నారాయణపేటలో అయినా, మహబూబ్‌నగర్‌లో అయినా బేరం ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. నేను మాత్రం వేరే మాట చెప్పదలచుకున్నాను. ఇంటి కట్టెలకు నమ్మకమైన మిషన్ ఏదో తేల్చాల్సింది గొలుసును బట్టి. ఏ మిషన్‌కు సరిపోయే గొలుసు దగ్గర్లో దొరుకుతుందో, ఏ గొలుసుకు ఇంట్లోవాళ్లే ఆకురాయితో పదును పెట్టుకోగలరో, ఆ మిషన్‌నే నమ్ముకోవచ్చు. సొంత డబ్బా కొట్టుకుంటోందని మీరు అనుకోవచ్చు. ఆత్మకథ రాసేవాళ్లంతా చేసేది అదే కదా. అందుకే నా పుట్టుక, నా ఒళ్లు, నా తిండి, నా చావు అన్నీ సాక్ష్యంగా పెడుతున్నాను. తూకం వేయడం మీ పని.

గొలుసుకు పళ్లు పెట్టి కోయాలన్న ఆలోచన అడవిలో పుట్టలేదు, వైద్యుల చేతుల్లో పుట్టింది. 18వ శతాబ్దం చివర స్కాట్లాండ్‌లో జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ అనే ఇద్దరు వైద్యులు ఎముక కోయడానికి, రెండు కొసలా పిడులున్న సన్నని పళ్ల గొలుసును వాడారు. 1830 ప్రాంతంలో బెర్న్‌హార్డ్ హైనే అనే జర్మన్ దానికి తిప్పే పిడి అమర్చాడు. చెట్ల దగ్గరికి మా జాతి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. 1926లో ఆండ్రియాస్ స్టిల్ కరెంటుతో నడిచే రంపం చేశాడు. దాని బరువు 64 కిలోలు, ఇద్దరు మోయాలి. 1929లో ఆయన పెట్రోలు రంపం కూడా తెచ్చాడు. అంటే ఇంజిన్ అప్పటికే ఉంది. అయినా మరో రెండు దశాబ్దాల పాటు మా పళ్లు పాత అడ్డరంపం పళ్ల మాదిరిగానే కట్టెను గీకుతూ, త్వరగా మొద్దుబారుతూ, గంటల కొద్దీ సానపని పెడుతూ ఉండేవి. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జో కాక్స్ అనే చెట్ల పనివాడు, మొద్దును తొలుచుకుంటూ పోతున్న పురుగును గమనించాడు. దాని దవడలు ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి కట్టెను కొరికి తీస్తున్నాయి. ఆ దవడల వంపును గొలుసు పన్నుకు తెచ్చి, మరుసటి ఏడాది కంపెనీ పెట్టాడు. ఈ రోజు మీరు చూసే గొలుసులు దాదాపు అన్నీ ఆ వంశంలోనివే. తేలికైన ఇంజిన్లు కూడా ఆ కాలంలోనే వచ్చాయి, వాటి వాటాను కాదనను. కానీ ఒక్క మనిషి, ఒక్క ఆకురాయితో రంపాన్ని నడుపుకోగల రోజు వచ్చింది పన్ను మారాకే.

ఇక నా ఒళ్లు. 16 అంగుళాల బార్ మీద తిరిగే మామూలు గొలుసుకు, బార్ గాడిలో నడిచే లింకులు 56 దాకా ఉంటాయి. వాటి మీద కోసే పళ్లు 28, సగం ఎడమకు, సగం కుడికి. మొత్తం పొడవు మీటరుకు కాస్త ఎక్కువ. ఇంజిన్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే, నన్ను తిప్పే ఆరు పళ్ల చక్రం మీద నా వేగం సెకనుకు 18 మీటర్లు దాటుతుంది. లెక్క కడితే, ఒక్క సెకనులో దాదాపు 500 సార్లు ఏదో ఒక పన్ను కట్టెను కొరుకుతుంది. ప్రతి పన్ను ముందు ఒక చిన్న బొడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతుకు దిగాలో అది కొలిచి ఆపుతుంది. ఆ రెండింటి ఎత్తుల మధ్య తేడా సుమారు 0.65 మిల్లీమీటర్లు. ఇంత సన్నని కొలత మీద నడిచే పనిలో పన్ను అంచు వెంట్రుకవాసి గుండ్రబడినా కోత ఆగిపోతుంది. అప్పుడు ఎంత పెద్ద ఇంజిన్ అయినా చేయగలిగింది నన్ను ఇంకా గట్టిగా రుద్దడమే. నేను పదునుగా ఉంటే మొద్దు కింద అటుకుల్లాంటి పెచ్చులు రాలతాయి. మొద్దుబారితే జొన్నపిండిలాంటి పొట్టు రాలుతుంది. పొట్టు రాలడం మొదలైన మిషన్‌ను మనిషి మీదపడి నొక్కుతాడు. బార్ కాలుతుంది, నేను సాగుతాను, క్లచ్ జారి మాడుతుంది. చివరికి రిపేరు షాపులో ‘ఇంజిన్ పోయింది’ అంటారు. రోగం నాది, పేరు ఇంజిన్‌ది.

ఇదంతా ఏ దేశంలోనైనా నిజమే. కోస్గి చుట్టుపక్కల మరింత నిజం, ఎందుకంటే ఇక్కడ నా తిండి అలాంటిది. పాలమూరు ఇళ్లలో పొయ్యి కిందికి వెళ్లే కట్టెలో చాలా భాగానికి నా అవసరమే లేదు. ఇది కంది పండే నేల. పక్కనున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కందికట్టె, పత్తికట్టె చేత్తో విరుచుకునేవి. జొన్నరొట్టెలకూ, కాగులో నీళ్లకూ అవే చాలే ఇంటివాళ్లు మిషన్ కొనడం డబ్బు దండగ. ఈ మాట చెబితే మా దుకాణదారుకు కోపం వస్తుందేమో గానీ, నిజం. నాతో పని పడేది మొద్దు కట్టెతో, అంటే ముఖ్యంగా సర్కారు తుమ్మతో. మెక్సికో, దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిన ఈ చెట్టును 1877 ప్రాంతంలో కడప సీమలోని కమలాపురంలో నాటారు. ఇప్పుడు చెరువు శిఖాలు, వాగు ఒడ్లు, బీళ్లు దానివే. మొదలు నుంచే నాలుగైదు కొమ్మలుగా చీలుతుంది, చాలావాటి మందం జానెడు కూడా ఉండదు. కట్టె మాత్రం ఇనుములా గట్టిది, ఎండితే మరీ మొండిది. బెరడు పగుళ్లలో ఒండ్రు, ఇసుక కూరుకుని ఉంటాయి. నన్ను ముందుగా తినేది కట్టె కాదు, ఆ ఇసుకే. బార్ కొస నేలకు తాకి ఒక్క రాయి మీద నేను రాసుకున్నానంటే ఒక వైపు పళ్లన్నీ ఒకేసారి పోతాయి. వేపతో మరో గండం. ఇంటి ముందు వేపకు ఎన్నికల ఫ్లెక్సీలు కట్టిన మేకులు, ఏనాటిదో కంచె తీగ బెరడు లోపలికి కూరుకుపోయి కంటికి కనపడకుండా ఉంటాయి. అందుకే ఇక్కడ కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న మిషన్ ఎంత బలంగా కోస్తుందని కాదు, పళ్లు పోయిన రోజున నా గతి ఏమిటని. పచ్చిగా ఉన్నప్పుడే తుంచి, పేళ్లుగా చీల్చి ఎండబెట్టుకుంటే నాకూ సుఖం, పొయ్యికీ సుఖం. ఏడాది ఎండబెట్టి, ఆ తర్వాత మిషన్ తెచ్చి కోయించే అలవాటు మాత్రం నాకు అర్థం కాదు.

పెద్ద ఇంజిన్ పక్షం వాళ్ల దగ్గర బలమైన వాదనే ఉంది. 58 సీసీ, 22 అంగుళాల బార్ ఉన్న చవక మిషన్లు పేరున్న కంపెనీల చిన్న మిషన్ల కంటే తక్కువకే దొరుకుతాయి. వ్యవసాయ పనిముట్లు అమ్మే దుకాణాల్లో వాటి విడిభాగాలు కూడా ఉంటాయి. గొలుసు దొరకడమే నమ్మకం అని నేనే అన్నాను కాబట్టి ఆ లెక్కన వాళ్లే గెలవాలి కదా? సగం గెలిచారు. విడిభాగాలు దొరకడం చిన్న సంగతి కాదు. దగ్గర్లో సర్వీసు లేని ఖరీదైన మిషన్ కంటే, నట్టూ బోల్టూ తెలిసిన మెకానిక్ చేతిలో ఉన్న చవక మిషనే మేలు. మిగతా సగం చూడండి. సీసీ అనేది ఇంజిన్ కడుపు కొలత, బలం కొలత కిలోవాట్లలో ఉంటుంది. డబ్బా మీద ఆ అంకె కనపడకపోతే అనుమానించాలి. జానెడు మందం తుమ్మకు 30 నుంచి 40 సీసీల మధ్య, 1.2 నుంచి 1.5 కిలోవాట్ల మిషన్, 14 లేదా 16 అంగుళాల బార్ చాలు. రెండడుగుల చింత మొద్దు ఎదురైనా రెండు వైపుల నుంచి కోస్తే తెగుతుంది. 22 అంగుళాల బార్ మీద నా పళ్లు ఎక్కువ, పదును పెట్టే పని ఎక్కువ, నూనె ఎక్కువ. పైగా తుమ్మ పొదలో ఆ పొడుగు ముక్కు కనపడని రాయినో, పక్క కొమ్మనో తాకుతుంది. బార్ ముక్కు పైభాగం కొమ్మకు తగిలిందంటే మిషన్ మనిషి ముఖం మీదికే తన్నుకొస్తుంది. చవకదైనా, ఖరీదైనదైనా ముందు పిడి దగ్గర చైన్ బ్రేక్ ఉందో లేదో, తోస్తే టక్కున పడుతుందో లేదో దుకాణంలోనే చూడాలి. అంతా సరిపోయాక చవక మిషన్‌నే కొన్నా నాకు అభ్యంతరం లేదు. ఆ డబ్బాలో వచ్చిన పేరులేని గొలుసును మాత్రం పక్కన పెట్టి, పిచ్ (లింకుల మధ్య దూరపు కొలత), గాడి వెడల్పు, లింకుల సంఖ్య సరిచూసుకుని మంచి గొలుసు వేయండి. ఇక రోజంతా కోసి అమ్ముకునేవాళ్లకు పెద్ద మిషన్ కావాల్సిందే, వాళ్ల లెక్క వేరు.

పదును ఎవరు పెడతారు, అంత ఓపిక ఎవరికుంది అంటారు. కొడవలికీ గొడ్డలికీ సాన పెట్టడం వచ్చిన ఇళ్లలో ఈ మాట రావడం నాకు వింతగా ఉంటుంది. కావాల్సింది ఒక గుండ్రటి ఆకురాయి. చిన్న మిషన్ల మీద ఉండే లో ప్రొఫైల్ 3/8 పిచ్ గొలుసుకు 4 మిల్లీమీటర్లది, 58 సీసీ మిషన్ల మీద ఎక్కువగా కనిపించే .325 పిచ్ గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది. లోపలి నుంచి బయటికి, ఒకే దిక్కుగా, 30 డిగ్రీల వాలులో, ప్రతి పన్నుకూ ఒకే లెక్కన తోయాలి. ఎడమ పళ్లకు రెండు తోపులు, కుడి పళ్లకు అయిదు తోపులు పడితే కోత ఒక పక్కకు వంకర తిరుగుతుంది. ముందున్న బొడిపెలను మాత్రం కొలత లేకుండా అరగదీయకూడదు, అవి మరీ తగ్గితే పన్ను మోతాదుకు మించి కొరికి మిషన్ ఎదురు తన్నే ప్రమాదం పెరుగుతుంది. టౌన్‌లో గ్రైండర్ చక్రం మీద అయిదు నిమిషాల్లో పట్టిస్తారుగా అంటే, పట్టిస్తారు. చెయ్యి కుదరని చోట అంచు నీలంగా కాలి మెత్తబడుతుంది, నా ఆయుష్షు కూడా సగం అక్కడే పోతుంది. పదునే అక్కరలేదంటూ కార్బైడ్ పళ్ల గొలుసుల సంగతి కూడా కొందరు ఎత్తుతారు. ఇసుక పట్టిన కట్టెకు అవి నిజంగానే ఎక్కువ కాలం ఆగుతాయి. కానీ వాటికి ఆకురాయి ఆనదు, వజ్రపు చక్రం కావాలి, మేకు తగిలితే పళ్లు పెచ్చులూడతాయి. ఇళ్లలోకి దూరి మనుషులను కాపాడే సహాయక దళాలకు అవి తగినవి, కట్టెల దొడ్డికి కాదు.

ఇంజిన్‌కు నేను అన్యాయం చేస్తున్నానని అనిపించవచ్చు. గొలుసు బాగున్నా మిషన్ స్టార్ట్ కాకపోతే ఏం లాభం? ఒప్పుకుంటాను. కానీ ఇంటి మిషన్ స్టార్ట్ కాకపోవడానికి కారణం తరచూ అది ఖాళీగా కూర్చోవడమే. దేశమంతటా దాదాపు అన్ని బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. మామూలు కార్బురేటర్ ఉన్న చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్ల మాన్యువళ్లు చాలావరకు 10 శాతం దాటవద్దంటాయి. కొన్ని ఎలక్ట్రానిక్ కార్బురేటర్ మిషన్లు మాత్రమే అంతకు మించినా తట్టుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులోనే ఉంటే నీరు అడుక్కి దిగి కార్బురేటర్‌ను పాడు చేస్తుంది. మాన్యువల్ చదివి కొనడం, ఆయిల్‌ను చెప్పిన పాళ్లలోనే కలపడం, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి ఉన్న చుక్క కాలిపోయేదాకా నడిపి ఆపడం, ఇంతవరకే ఇంజిన్ అడిగేది. అది కూడా కష్టమనుకుంటే, కట్టెలు ఇంటి దొడ్డిలోనే కోసేవాళ్లకు కరెంటు వైరుతో నడిచే రంపం ఉంది. కార్బురేటర్ లేదు, పొగ లేదు. వాగు ఒడ్డున పనికిరాదు గానీ, దొడ్డిలో దాన్ని మించిన నమ్మకం నాకు కనపడదు. దాని మీద తిరిగేదీ నేనే. పెట్రోలుదైనా, కరెంటుదైనా నా నోటికి నూనె కావాలి. మోటారుసైకిల్లోంచి తీసిన మాడు నూనె పోయడం ఇక్కడ మామూలు. అందులో ఇనుపరజను ఉంటుంది, పంపునూ బార్‌నూ అదే తినేస్తుంది. గాలిలోకి చిమ్మిన తుంపర మనిషి చర్మానికీ మంచిది కాదు.

ఏడాదికి ఒక్క చెట్టు కోసం మిషన్ దేనికి, కూలికి కోసేవాళ్లను పిలిస్తే సరిపోదా అన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. దానికి నా దగ్గర ఎదురుమాట లేదు, పిలవండి. పిలిచినా నా ప్రశ్న మారదు. మిషన్ ఎంత పెద్దదో కాకుండా మొద్దు కింద ఏం రాలుతోందో, అతని సంచిలో ఆకురాయి ఉందో లేదో చూడండి. చెట్లు తగ్గుతున్న కాలంలో రంపం ఆత్మకథ రాయడమేమిటని అడిగేవాళ్లూ ఉంటారు. 2002 వాల్టా చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి అడుగుతుంది. వేప, చింత లాంటివాటి జోలికి పోయే ముందు అది తీసుకోవాల్సిందే. సర్కారు తుమ్మ సంగతి వేరు, ఎంత కోసినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఒకసారి నరికిన పొదే కొన్నేళ్లకు మళ్లీ కట్టె ఇస్తుంది. అలాంటి చెట్టు పక్కనే ఉండగా వేప మీదికి నన్ను తిప్పడం ఎందుకో నాకు తెలియదు.

నా చావు గురించి కూడా చెప్పి ముగిస్తాను. ప్రతి పన్ను వెనుక భాగంలో ఒక ఏటవాలు గీత చెక్కి ఉంటుంది. ఆకురాయి పన్నును ఆ గీతదాకా అరగదీసిందంటే నా పని అయిపోయినట్టే, ఆ తర్వాత పన్ను విరిగి ఎగురుతుంది. అంతకంటే ముందే చచ్చే దారులు కూడా ఉన్నాయి. వేడి మీద సాగిన నన్ను బిగించి, చల్లారాక వదులు చేయకుండా వదిలేస్తే, ముడుచుకుని ఇంజిన్ బేరింగులనే లాగుతాను. అందుకే మిషన్ కొన్న రోజే రెండో గొలుసు కూడా కొని, ఇద్దరినీ మార్చి మార్చి వాడమంటాను. నన్ను తిప్పే చక్రం నాతోపాటే అరుగుతుంది. ఇద్దరం అరిగేసరికి దాని పళ్లలో కూడా గాడి పడుతుంది. మూడో గొలుసు వేసేటప్పుడు దాన్ని కూడా మార్చకపోతే, కొత్తగా వచ్చినవాడు పాత గాడికి తగ్గట్టు వారాల్లోనే సాగిపోతాడు.