వార్నిష్ తీయమంటే విల్లునే గీకేస్తున్నారు

మా రోజుల్లో విల్లుకి వార్నిష్ పాడైతే మళ్లీ వేసుకోవడానికి వారం పట్టేది. ఇప్పటి కుర్రాళ్లు మధ్యాహ్నం భోంచేసి మొదలుపెట్టి, చీకటి పడేలోపు ముగించేస్తున్నారు. మిషన్‌కి సాండ్‌పేపర్ తగిలించి బర్రున లాగిస్తే ముగియక ఏం చేస్తుంది?

ఇక్కడ మిషిగన్‌లో గ్రేలింగ్ అని చిన్న ఊరు. ఫ్రెడ్ బేర్ కంపెనీ 1978లో ఫ్లోరిడాకి తరలిపోయేదాకా కొడియాక్ లాంటి రికర్వ్ విల్లులు అక్కడే తయారయ్యేవి. కాంపౌండ్ విల్లులొచ్చాక పాతవన్నీ గరాజుల్లో మూలపడ్డాయి. ఇప్పుడు వాటిని బయటికి తీస్తున్నారు, సంతోషమే. తీసినవాళ్లు ముందు ఆ విల్లు రెక్క, అదే లింబ్, ఎలా కట్టారో తెలుసుకోవద్దూ? నడుమ మేపుల్ చెక్క, ముందూ వెనకా ఫైబర్‌గ్లాస్ పొర. ఆ పొర మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు. దాని పోగులు లింబ్ పొడవునా నడుస్తాయి. నారి లాగితే ఒకవైపు సాగేవీ, రెండోవైపు నొక్కుకునేవీ అవే. వాటిని తెగ్గోస్తే ఇక విల్లు బలం ఎక్కడిది?

మొన్న ఒకబ్బాయి తన విల్లు తెచ్చి చూపించాడు. అద్దంలా మెరుస్తోంది. వెలుతురుకి వాల్చి చూస్తే అంచు వెంట గ్లాస్ పలచబడి, తెగిన పోగుల కొసలు కొత్త వార్నిష్ కింద తెల్లగా లేచున్నాయి.

"సన్నటి పగుళ్లున్నాయి అంకుల్, పోయేదాకా గీకాను" అన్నాడు.

అవి గ్లాస్‌వి కావు నాయనా! ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన పాత వార్నిష్ విచ్చిన గీతలు. 400 నంబరు పేపర్ తడిపి చేత్తో రుద్దితే వార్నిష్‌తో పాటే పోతాయి. అది పోయినా గీత మిగిలితే అప్పుడు గ్లాస్‌ని అనుమానించాలి. తడిపి రుద్దితే పొడి కూడా లేవదు. ఆ గాజుపొడి ముక్కులోకి పోతే మంచిది కాదు, మాస్కు కట్టుకోమన్నా వినరు.

కొందరైతే పెయింట్ రిమూవర్ పోసేస్తారు. గట్టి రిమూవర్ వార్నిష్ దగ్గర ఆగుతుందా? పొరల్ని పట్టుకున్న ఎపాక్సీనీ మెత్తబరుస్తుంది. వార్నిష్ వేసేటప్పుడూ అదే తొందర. పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకోటి వేయాలి. ఒకేసారి మందంగా పట్టించింది లింబ్ వంగగానే విచ్చుకుంటుంది. ఆపైన ఈ కాలపు సాగని నారి ఎక్కిస్తారు, పాత వింటికొప్పులు ఆ దెబ్బకి చీలిపోతాయి. వాటికి డాక్రాన్ నారే కట్టాలి.

నాకు అన్నిటికంటే కడుపు మండేది రాత పోయినందుకు. తయారుచేసిన మనిషి పిడి పక్కన సిరాతో రాసిన అంకెలవి: ఇన్ని అంగుళాలు లాగితే ఇన్ని పౌండ్లు అని. మేం వాటి చుట్టూ అరంగుళం వదిలి, అంచులు పలచన చేసి, మీద కొత్త పూత కలిపేసేవాళ్లం. ఆ అబ్బాయి విల్లుని 28 అంగుళాల దాకా లాగి తూచాం, 38 పౌండ్లు చూపించింది. ఎంత తగ్గిందంటే ఏం చెప్పను? పోల్చుకుందామంటే రాతే లేదాయె.