ఖాళీ గడి

ఉద్యోగం చేసినన్నాళ్లూ మా పిన్ని నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక బాత్రూములో జారిపడి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆసుపత్రిలో తోడుగా నేనున్నాను. "నేనెవరో ఇక్కడెవరికీ చెప్పకే. తెలిస్తే పిల్లలు బిగుసుకుపోతారు" అని మొదటిరోజే నా నోరు కట్టేసింది. ఆ మంచం మీద కూడా పొద్దునా సాయంత్రం ప్రాణాయామం మానలేదు. కాలు కదలకపోయినా ఊపిరితిత్తులు కదలాలి కదా అనేది.

ఆ ఆసుపత్రికి నర్సింగ్ కాలేజీ ఉంది. రోగిని తల నుంచి పాదాల దాకా పరీక్షించడం నేర్చుకోవడానికి బీఎస్సీ పిల్లలు వార్డుకి వచ్చేవారు. వాళ్లని చూస్తే పిన్నికి ప్రాణం లేచొచ్చేది. వాళ్లు వెళ్లిపోగానే పాఠం నాకు.

"చూడటం, తాకడం, తట్టడం, వినడం. ఇదీ వరస. పొట్ట దగ్గర మాత్రం చూడగానే వినాలి, చెయ్యి ఆ తర్వాతే వెయ్యాలి. ముందే తట్టి నొక్కేస్తే పేగుల చప్పుడు మారిపోతుంది." ఛాతీని వేళ్లతో తట్టి లోపలి సంగతి చెప్పొచ్చని 1761లో పుస్తకం రాసిన ఆస్ట్రియా డాక్టరు ఔయెన్‌బ్రుగ్గర్ గురించి చెప్పింది. వాళ్ల నాన్న పూటకూళ్లిల్లు నడిపేవాడట. పీపాలో ద్రాక్షసారా ఎంతుందో తట్టి కనుక్కోవడం చిన్నప్పుడు చూసే ఆయనకి ఆ ఆలోచన వచ్చిందంటారు. 1816లో పారిస్‌లో లాయెనెక్ అనే డాక్టరు ఓ అమ్మాయి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి కాగితాలు గొట్టంలా చుట్టి విన్నాడట. అదే తర్వాత స్టెతస్కోపయింది.

"అవన్నీ ఇష్టంగానే నేర్చుకుంటారే. మెళ్లో స్టెత్ పడితే ఎవరికైనా ఉత్సాహమే. ఎవరూ సరిగ్గా చెయ్యనిది ఊపిరి లెక్కపెట్టడం" అని నిట్టూర్చింది పిన్ని.

పెద్దవాళ్లకి మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉంటుంది. లెక్కపెడుతున్నారని రోగికి తెలిస్తే తెలియకుండానే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని నాడి చూడటం అయిపోయినా చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు పట్టుకుని, ఛాతీ లేచిపడటం గమనిస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. "తొడ ఎముక విరిగిన నాలాంటివాళ్లకి ఎముకలో కొవ్వో, కాల్లో గడ్డకట్టిన రక్తమో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. చాలాసార్లు బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. బీపీకి మిషనుంది, ఆక్సిజన్‌కి వేలికి పెట్టే క్లిప్పుంది. ఈ వార్డులో దీనికి మిషన్ లేదు. నిమిషంసేపు నిలబడి చూసే మనిషి కావాలి."

మర్నాడు పిన్ని మంచానికి నలుగురు అమ్మాయిల్ని కేటాయించారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పరీక్ష చేసి ఎవరి ఫారం వాళ్లు నింపాలి. మొదటి ముగ్గురూ పని బాగానే తెలిసినవాళ్లు. ఒకమ్మాయి అరచేతులు రుద్దుకుని వెచ్చబడ్డాకే పొట్ట మీద చెయ్యి వేసింది. ఇంకో అమ్మాయి బీపీ చూసేటప్పుడు పిన్ని చెయ్యి గుండె ఎత్తుకి వచ్చేలా కింద దిండు పెట్టింది. వాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. నాడి మాత్రం ముగ్గురూ ఒకేలా చూశారు. మణికట్టు పట్టుకుని, అరనిమిషం వాచీకేసి చూసి, రెట్టింపు చేసి రాసుకున్నారు. పెన్ను ఎత్తకుండానే పక్క గడి కూడా నింపేశారు.

నాలుగో అమ్మాయి బక్కగా, బెరుగ్గా ఉంది. నాడి చూశాక కూడా చెయ్యి వదల్లేదు. చూపు మాత్రం వాచీ మీంచి పిన్ని ఛాతీ మీదికి మళ్లింది. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి. కొంచెం వంగి చూసింది. పెదాల రంగు చూసింది. వేలిగోరు నొక్కి వదిలి, తెల్లబడ్డచోట ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసింది.

"అమ్మా, ఛాతీలో ఏమైనా పట్టేసినట్టుందా? ఆయాసంగా ఉందా?"

"ఏం లేదు తల్లీ, బాగానే ఉన్నాను" అని పిన్ని నవ్వింది. మీ ఊరేది, మీ అమ్మానాన్నలేం చేస్తారు అని మాటల్లో పెట్టింది. ఆ పిల్ల జవాబులు చెబుతూ మిగతా ఫారమంతా నింపింది. ఒక్క గడి అలాగే వదిలేసి పక్కకి వెళ్లి నిలబడింది.

కాసేపటికి ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ వచ్చింది. పిన్ని మంచం పక్కనే నిలబడి ఫారాలు దిద్దడం మొదలుపెట్టింది. శ్వాస 20, టిక్కు. 18, టిక్కు. 20, టిక్కు. నాలుగో ఫారం దగ్గర చెయ్యి ఆగింది.

"రెస్పిరేషన్ గడి ఖాళీ ఏంటి?"

"చూశాను మేడమ్. నాకు దొరకలేదు. మాట్లాడుతుండగా లెక్కపెట్టకూడదు కదా, మళ్లీ వచ్చి చూద్దామని..."

"దొరక్కపోవడమేంటి? నిక్షేపంలా ఉన్నారావిడ! పేషెంటు ఊపిరి తీసుకోవడం లేదని రాస్తావా రేపు?"

మిగతా ముగ్గురూ నవ్వాపుకున్నారు. ఆ పిల్ల తల వంచుకుంది. మేడమ్ ఎర్రపెన్నుతో ఆ గడిలో తనే 20 అని వేసి, ఒక మార్కు తగ్గించి, ఫారం తిరిగి చేతికిచ్చింది.

పిన్ని ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆ మార్కు ఆ పిల్లకి ఇచ్చెయ్యండి మేడమ్. ఆ గడి ఖాళీగా ఉండటమే సరైంది."

"అదేంటమ్మా, మీకు తెలియదు..."

"ఎన్నో ఏళ్లు పిల్లలకి నేనూ ఇదే నేర్పాను మేడమ్. నలుగురూ నా నాడి చూసినప్పుడు నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. ఇందాక మీరు ఆ 20 వేసేటప్పుడు కూడా."