జ్యూరిక్ గోడకు నిమ్‌పురా తూకం గుండు

నేను తాపీమేస్త్రి చేతిలోని ఇత్తడి తూకం గుండును. అడుగున మొన, నెత్తిన దారం దూరే రంధ్రం, అంతే నా రూపం. నాకు తోడు ఒక చెక్క బిళ్ల ఉంటుంది. మేస్త్రి బిళ్ల అంచును గోడకు పైన ఆనించి, దారం వదిలి నన్ను కిందికి దింపుతాడు. గోడను తాకీ తాకనట్టు వేలాడానంటే గోడ నిలువుగా లేచినట్టు. ఎడంగా ఉండిపోయానంటే గోడ తల ముందుకు వాలినట్టు. గోడకు ఒరుసుకుని నా దారం పక్కకు జరిగిందంటే అడుగు పొడుచుకు వచ్చినట్టు. రసమట్టం అడ్డం చూస్తుంది, నేను నిలువు చూస్తాను.

1951లో ఖరగ్‌పూర్‌లో పుట్టాను. మా మేస్త్రి అన్నగారు రైల్వే వర్క్‌షాపులో టర్నరు. గోల్‌బజార్‌లో కొన్న ఇత్తడి ముక్కను సెలవురోజున తెలిసినవాళ్ళ లేతు మీద తిప్పి నన్ను తీశాడు. తమ్ముడు అప్పుడే శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చాడు. ఆ దారిన వచ్చినవాళ్ళలో అతను మొదటివాడేం కాదు. ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిశాక మన ఉత్తరాంధ్ర జనానికి ఖరగ్‌పూర్ పొరుగూరైంది. ఫిట్టర్లు, ఖలాసీలు, గ్యాంగ్‌మెన్లు, వాళ్ళ వెనక అక్కచెల్లెళ్ళు, బావమరుదులు అందరూ వచ్చారు. నిమ్‌పురా, మథురాకాఠీ వీధుల్లో పొద్దున్నే వినబడే మాట తెలుగే. ఆంధ్రా హైస్కూలు కూడా ఈ జనం కోసం వచ్చిందే. వేసవిలో మాతా పూజలకు ఘటాలు లేస్తే డప్పుల మోత నిమ్‌పురా యార్డు దాకా వినిపిస్తుంది.

మా మేస్త్రికి మొదటి పెద్ద పని దొరికింది ఊరి పక్కనే ఉన్న హిజ్లీలో. అప్పట్లో ఆ పేరు వింటే బెంగాలీలు గొంతు తగ్గించి మాట్లాడేవారు. 1930లో బ్రిటిష్‌వాళ్ళు అక్కడ రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం పెట్టారు. 1931 సెప్టెంబరు 16న పోలీసులు లోపలి ఖైదీల మీదే కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ జైలు భవనంలోనే దేశపు మొదటి ఐఐటీ తరగతులు మొదలయ్యాయి. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ వచ్చి ప్రారంభించారు. ఖైదీలను ఉంచిన గదుల్లో కుర్రాళ్ళు ఇంజినీరింగు పాఠాలు చదవడమంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 1952 మార్చిలో నెహ్రూ కొత్త ప్రధాన భవనానికి పునాదిరాయి వేశారు. ఆ భవనం గోడల దగ్గరకే మా మేస్త్రి నన్ను జేబులో వేసుకుని వెళ్ళాడు.

పని ఎలా సాగేదో ఒక్క ముక్క చెప్పనివ్వండి. కింది గోడలకు నేను చాలు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి మొదలవుతుంది. చైత్రం దాటితే మధ్యాహ్నం మూడింటికి కాలబైశాఖి అనే వేసవి గాలివాన ముందుగాలి వచ్చి నన్ను ఊపేస్తుంది. ఊగే గుండు చెప్పేది ఏ మేస్త్రీ నమ్మడు. అప్పుడు పరంజా కింద బకెట్టు నిండా నీళ్ళు పెట్టించి నన్ను అందులో ముంచేవాడు. నీళ్ళు పట్టి ఉంచితే ఊగడం ఆగి దారం గీత గీసినట్టు నిలబడేది. పైనున్నవాడు "ఆగిందా?" అని కేక వేస్తే, కిందివాడు బకెట్టు మీదికి వంగి, నీటి మీద అలలన్నీ పోయాక "ఆగింది" అనేవాడు. అప్పుడే కొలత తీసుకునేవారు. అలా చూసి చూసి లేచిన గోడలవి. టవరు తలమీద నీళ్ళ ట్యాంకు కూర్చుంది. అంత బరువు మోసే కట్టడానికి వంకర అంటే ఏమవుతుందో మేస్త్రులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ భవనం నక్షా ఇచ్చినాయన పేరు వెర్నర్ మోజర్. స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరం వాడు. ఆయన తండ్రి కార్ల్ మోజర్ బాసెల్‌లో కాంక్రీటుతో సెయింట్ ఆంథోనీ చర్చి కట్టాడు. 1928లో కొత్త వాస్తుశిల్పులంతా కలిసి అంతర్జాతీయ సంఘం పెట్టుకుంటే మొదటి అధ్యక్షుడు ఆయనే. కొడుకు అమెరికా వెళ్ళి ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర పనిచేసి వచ్చాడు. ఆ తర్వాత ఖరగ్‌పూర్‌కు వచ్చి, ఐఐటీలో ఆర్కిటెక్చరు విభాగానికి తొలి అధిపతి అయ్యాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్విట్జర్లాండులో పుట్టిన ఇంకొకాయన, ల కొర్బూజియే, చండీగఢ్ కడుతున్నాడు. చండీగఢ్ చూడటానికి ప్రపంచం కదిలి వస్తుంది. ఖరగ్‌పూర్ భవనం ముందు మాత్రం ఆగి తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. శిఖరాలు, కమానులు, పూలతోరణాలు ఏవీ లేకుండా అడ్డంగా సాగిన పొడవాటి కట్టడం, దానికి ఎదురుగా నిలువునా లేచిన ఒక్క టవరు. ఆ రెండు గీతలతోనే కొత్త దేశం ముఖం గీసి పెట్టాడాయన.

తర్వాత యాభై ఏళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తాను. మా మేస్త్రి చాలా ఇళ్ళు కట్టాడు, కాపురం నిమ్‌పురాలో పెట్టాడు, కొడుకు రైల్వేలో చేరాడు. మేస్త్రి ముసలితనంలో, నేను మేకుకు వేలాడుతుండగా మనవరాలు నన్ను పట్టుకుని ఊపింది.

"ఇదేటి తాతా?"

"తూకం గుండమ్మా. గోడ వంకరుంటే సెప్పేస్తాది."

"ఐఐటీ బిల్డింగు దీంతోనే కట్టినారా?"

"ఒక్క దీంతో ఏటి కడతారే! నా వంతు గోడలకి మాత్రం ఇదే."

ఆ పిల్ల ఆర్కిటెక్చరు చదివింది. పైచదువుకు జ్యూరిక్ వెళ్ళేటప్పుడు తాత లేడు, నేనున్నాను. పాత చీర ముక్కలో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టి తీసుకెళ్ళింది. మోజర్ తండ్రీకొడుకులిద్దరూ పాఠాలు చెప్పిన ఈటీహెచ్ విశ్వవిద్యాలయం ఆ ఊళ్ళోనే ఉంది.

జ్యూరిక్‌లో ఆధునిక కట్టడమంటే అందరూ ముందు సరస్సు ఒడ్డున ఉన్న కొర్బూజియే పెవిలియన్‌కే వెళ్తారు. ఇనుము, గాజు, రంగురంగుల పలకలు. ఆయన చనిపోయిన రెండేళ్ళకు, 1967లో తెరిచారు. చూడచక్కనిదే, కానీ అందులో నాకు పని లేదు. మా అమ్మాయి నన్ను తీసుకెళ్ళింది వోలిస్‌హోఫెన్ వైపు. ఏడో నంబరు ట్రాము చివరి స్టాపులో దిగి, గుట్ట ఎక్కితే నొయ్‌బూల్ కాలనీ వస్తుంది. 1930, 1932 మధ్య కట్టిన ఆ కాలనీని గీసిన యువ వాస్తుశిల్పుల బృందంలో వెర్నర్ మోజర్ ఒకడు.

నేను అనుకున్నది ఏదో మహాభవనం. అక్కడ ఉన్నవి వరస ఇళ్ళు! ఒకదాని గోడకు ఇంకొకటి ఆనుకుని, చదునైన కప్పులతో, గుట్ట వాలు వెంట మెట్లుమెట్లుగా దిగుతున్న ఇళ్ళు. నిమ్‌పురా క్వార్టర్ల వరసలు చూసినవాళ్ళకు ఆ నక్షా తెలిసినదే. తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ప్రతి ఇంటికీ గోడ పొడవునా కిటికీ. ప్రతి ఇంటి ముందూ ఇంత నేల, అందులో గులాబీలు, ఆకుకూరలు. ఒక వరస నీడ ఇంకో వరస మీద పడకుండా ఎడం వదిలారు. ఏ ఇంట్లో కూర్చున్నా ఎండ రావాలి, వీలైతే సరస్సు కనబడాలి అన్న లెక్క ముందు వేసి, గోడల లెక్క తర్వాత వేశారు. చిన్న ఇంట్లో సర్దుకునే తేలికపాటి కుర్చీలు, బల్లలు దొరకాలని 1931లో మోజర్, ఇద్దరు మిత్రులు కలిసి వోన్‌బెడార్ఫ్ అనే దుకాణం కూడా తెరిచారు. ఇల్లంటే గోడలే కాదు, అందులో ఎలా బతుకుతామన్నది కూడా అని వాళ్ళ పట్టుదల.

మన రైలుకాలనీల్లో పాత కూలీ లైన్లు కట్టిన కాలంలో ఆ లెక్క దొరల బంగళాలకే వేశారు. ఎత్తు కప్పులు, చుట్టూ వరండా వాళ్ళకి. లైన్లకు ఒక గది, ఒక వసారా. మా మేస్త్రి భార్య మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకుని పప్పులో రాళ్ళు ఏరడం నేను మేకు మీద నుంచి ఏళ్ళతరబడి చూశాను. నొయ్‌బూల్‌లో ఆ కిటికీలు చూడగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది. గోడ అక్కడా నిలువుగానే ఉంది, ఇక్కడా నిలువుగానే ఉంది. వెలుతురు ఎవరిదన్న చోటే తేడా వచ్చింది.

దారి పక్కన ఉన్న ఒక చివరి గోడ దగ్గర మా అమ్మాయి ఆగింది. చీర ముక్క విప్పింది. బిళ్ల గోడకు ఆనించి దారం వదిలింది. సరస్సు గాలికి కాసేపు తిరిగాను, నెమ్మదించాను, ఆగాను. గారకూ నా నడుముకూ మధ్య పలచటి కాగితం దూరేంత సందు. 1980లలో మరమ్మతులు చేశారట, ఆ చేతులకు కూడా దండం పెట్టాలి. ఇలాంటి గోడే ఖరగ్‌పూర్‌లో నాకు తెలుసు. రెండూ ఒకే మనిషి ఆలోచనలోంచి వచ్చినవి. ఒకటి కట్టినప్పుడు నేను పుట్టలేదు, రెండోది నా కళ్ళముందే లేచింది.

ఇప్పుడు మళ్ళీ నిమ్‌పురాలోనే ఉన్నాను. మా అమ్మాయి తిరిగి వచ్చి, క్వార్టర్లలో పెరిగిన పిల్లలను కూర్చోబెట్టి చిన్న ఇంట్లోకి వెలుతురు ఎలా తేవాలో నక్షాలు గీయిస్తోంది. చదరపు అడుగులు పెరగకపోయినా కిటికీ చోటు మారిస్తే గది మారిపోతుందని చూపిస్తోంది. నేను బల్ల మీద కాగితాలు ఎగరకుండా కూర్చుంటున్నాను, అడిగినప్పుడు గోడకు వేలాడుతున్నాను.

నిమ్‌పురా తల్లిదండ్రులకు నాదొక విన్నపం. జ్యూరిక్ మనకు దూరం, హిజ్లీ దూరం కాదు, సైకిలు మీద పోయే దారి. కాల్పులు జరిగిన ఆ పాత జైలు భవనంలో ఇప్పుడు నెహ్రూ విజ్ఞాన సాంకేతిక మ్యూజియం ఉంది. పిల్లలను అక్కడికి తీసుకెళ్ళిన రోజున, ప్రధాన భవనం ముందు కూడా వాళ్ళను నిలబెట్టండి. ఐఐటీలో సీటు సంగతి ఆ పూటకు పక్కన పెట్టి, ఆ గోడలను చూడనివ్వండి. వాటిని గీసినవాడి పేరు వెర్నర్ మోజర్ అని, పేరు లేకుండా కట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారని చెప్పండి.